మూరన్నర

ఒక తల్లినీ కూతురినీ ఏడాదికి పైగా విడిగా ఉంచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎవరూ నన్ను తప్పుపట్టలేదు. ఏ కాగితం మీదా నా సంతకం లేదు. ఆ పిల్ల ఫైలు మొదటి నుంచి చివరి దాకా తిరగేసినా నా పేరు ఎక్కడా కనపడదు. అయినా ఆ ఏడాది అలా గడవడంలో నా మాట ఎంత పనిచేసిందో నాకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

పిల్ల పేరు రాయను. సంరక్షణలో ఉన్న పిల్లలను ఎవరైనా గుర్తుపట్టేలా ఏ వివరమూ బయటపెట్టకూడదని 2015 నాటి బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. చట్టం చెప్పకపోయినా రాసేవాణ్ణి కాదు. హోమ్ పేరూ బడి పేరూ వదిలేశాను, కొన్ని ఆనవాళ్ళు మార్చాను. ఇది హైదరాబాద్‌లో జరిగిందన్నంతవరకు చెప్పవచ్చు.

నా ఉద్యోగమంతా ఇంటర్మీడియెట్ కాలేజీల్లో లెక్కలు చెప్పడంలోనే గడిచింది. ఎంసెట్ ర్యాంకులు, వారం వారం పరీక్షలు, ఏ సెక్షన్ ముందుంది, ఏది వెనకబడింది అన్న ధ్యాసే. రిటైరయ్యాక, కరోనా తగ్గి బడులు మామూలుగా నడవడం మొదలైన రోజుల్లో, ఒక మిత్రుడి ద్వారా ఆడపిల్లల హోమ్ ఒకటి తెలిసింది. సాయంత్రం వేళ చదువు చెప్పేవాళ్ళు కావాలన్నారు. దరఖాస్తు రాయించుకున్నారు, పోలీసు విచారణ చేయించారు, నియమాలు చదివి వినిపించారు. పిల్లలకు ఫోన్ నంబరు ఇవ్వకూడదు, ఫొటోలు తీయకూడదు, గది తలుపు వేయకూడదు, ఒక్క పిల్లకే ఏదీ కొనివ్వకూడదు. అన్నిటికీ తల ఊపాను, అన్నీ పాటించాను కూడా. నేను చేసిన తప్పు ఆ నియమాల్లో ఎక్కడా రాసి లేదు.

అనాథ పిల్లలకు చదువు చెప్పబోతున్నాను అనుకుంటూ వెళ్ళాను. మొదటి బుద్ధితక్కువతనం అక్కడే ఉంది. నా ముందు కూర్చున్న పిల్లల్లో తల్లీ తండ్రీ ఇద్దరూ లేనివాళ్ళు కొద్దిమందే. మిగతావాళ్ళకు ఎవరో ఒకరున్నారు. జైల్లో ఉన్న తండ్రి, మళ్ళీ పెళ్ళి చేసుకున్న తల్లి, కళ్ళు కనపడని నాయనమ్మ, పని కోసం ఊళ్ళు తిరిగే మేనమామ. హోమ్ సిబ్బంది వాళ్ళను ‘సెమీ ఆర్ఫన్’ అంటారు. చట్టం వాడే మాట ‘సంరక్షణ, రక్షణ అవసరమైన బాలలు’. ఆ పిల్లలను అక్కడికి చేర్చినవి చావులొక్కటే కావు. జబ్బు, తాగుడు, అప్పు, అద్దె కట్టలేక ఖాళీ చేసిన గది కూడా. ఇదంతా మొదటి నెలలోనే కళ్ళతో చూశాను. చూసినా నా మనసులో వాళ్ళు అనాథలుగానే ఉండిపోయారు. వాళ్ళకు ఇంకెవరూ లేరని అనుకుంటేనే, వాళ్ళకు నేను ఎంత అవసరమో అనిపించేది.

ఆ పిల్ల అప్పుడు ఏడో తరగతి. తండ్రి మేస్త్రీ కింద పనిచేసేవాడు, పోయాడు. పాలమూరు నుంచి వలస వచ్చిన కుటుంబం, నగరంలో అయినవాళ్ళు లేరు. తల్లి గుడిమల్కాపూర్ మార్కెట్లో తెల్లవారుజామున పూలు కొనుక్కొచ్చి, దండలు కట్టి, సాయంత్రం గుడి దగ్గర మూర లెక్కన అమ్మేది. ఆమెకు టీబీ వచ్చింది. మంచాన పడ్డ మనిషి, చూసేవాళ్ళు లేని పిల్ల. బాలల సంక్షేమ కమిటీ పిల్లను హోమ్‌లో పెట్టింది. ఆ సమయానికి అది సరైన నిర్ణయమే.

ఏడో తరగతి అన్నది హాజరుపట్టీ మాట. పిల్లకు ఒత్తులు సరిగా రావు. ‘విద్యార్థి’ అన్న మాట దగ్గర ఆగి, నా ముఖం చూసి, ఊహించి చదివేది. లెక్కల్లో గుణకారం తడబాటు, భిన్నాలంటే భయం. ఒకరోజు ఒకటిన్నరను ఇరవైతో గుణించమన్నాను. చాలాసేపు పెన్సిలు పట్టుకుని కూర్చుని ఇరవై ఒకటిన్నర అని రాసింది. ఏం చేయాలో తోచక, ఎందుకో, మూర మల్లెపూలు ఇరవై అయితే మూరన్నర ఎంత అని అడిగాను. నా మాట పూర్తి కాకముందే ‘ముప్పై సార్’ అంది. రెండుంబావు మూరలు? ‘నలభై ఐదు.’ యాభై ఇస్తే చిల్లర ఎంత ఇస్తావు? ‘ఐదు. కానీ ఐదుకి ఇంకో పావు మూర తీసుకోండని చెప్తాం సార్, చిల్లర ఇయ్యం.’

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో అమ్ముకునే ఐదుగురు పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 1985లో వచ్చింది. బజారులో బేరంగా అడిగితే నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పిన పిల్లలు, అవే లెక్కలు ఉత్త అంకెలుగా కాగితం మీద ఇస్తే 37 దగ్గర ఆగిపోయారు. ఎప్పుడో చదివి మరిచిపోయిన ఆ సంగతి నా ఎదుట కూర్చుని చిల్లర లెక్క చెప్పింది. మర్నాటి నుంచి మా పాఠాలన్నీ పూల మీదే నడిచాయి. కిలో మొగ్గల ధర, కట్టాక ఎన్ని మూరలు, శ్రావణమాసంలో రేటు, ముహూర్తాలు లేని రోజుల్లో వాడిపోయి పారబోసే పూలు. లాభనష్టాల అధ్యాయం నేను ఆమెకు చెప్పలేదు, ఆమే నాకు చెప్పింది. నేను పక్కన కూర్చుని దాన్ని పుస్తకం భాషలోకి మార్చాను. పావు, అర, ముప్పావు అన్నవి ఆమె నాలుక మీద అప్పటికే ఉన్నాయి. గీతకు పైన ఒక అంకె, కింద ఒక అంకె పెట్టి ఎలా రాయాలో మాత్రమే నేను చూపించాను. ఒత్తులు కూడా అలాగే వచ్చాయి, గుడి వీధి దుకాణాల బోర్డులు గుర్తు చేసుకుని రాస్తూ.

ఆ లెక్క ఎవరు నేర్పారు అని ఒక్కసారైనా నన్ను నేను అడగలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, మోచేతి నుంచి వేలి కొన దాకా పూలదండ కొలవడం చూపించిన మనిషి ఒకరున్నారు. నేను కట్టినదంతా ఆవిడ వేసిన పునాది మీదే కట్టాను. ఆ మనిషి నాకు ఒక జబ్బు పేరుగానే గుర్తుంది.

పిల్ల ఎదుగుతుంటే నాలో పాత లెక్చరర్ నిద్ర లేచాడు. పదో తరగతికి మంచి గ్రేడు, ఆ తర్వాత పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష, డిప్లొమా, ఉద్యోగం. ఏ ఏడాది ఏ అధ్యాయాలు పూర్తి కావాలో నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాను. ఆ పట్టికలో తల్లి ఇంటికి వెళ్ళే నెల అంటూ ఎక్కడా లేదు.

తల్లికి నయమైంది. ఆరు నెలల మందుల కోర్సు పూర్తి చేసింది, పరీక్షల్లో క్రిమి లేదని తేలింది. రెండిళ్ళలో పాచి పని, సాయంత్రం మళ్ళీ పూల బుట్ట. చిన్న గది అద్దెకు తీసుకుంది. పిల్లను ఇంటికి పంపమని అర్జీ పెట్టుకుంది.

చట్టంలో 40వ సెక్షన్ ఉంది. పిల్లను తిరిగి కుటుంబానికి చేర్చడం, కాపాడడం, ఈ రెండే ఏ బాలల గృహానికైనా ప్రధాన ధ్యేయమని అది స్పష్టంగా చెబుతుంది. పిల్లను సంస్థలో ఉంచడం వేరే దారి లేనప్పుడు చేసే చివరి పని. ఇది నేను తర్వాత చదివాను. అప్పుడు చదివి ఉన్నా నా పట్టికే నాకు ముఖ్యమయ్యేది అనుకుంటాను. 2020లో కరోనా రోజుల్లో, సంస్థల్లో ఉన్న పిల్లలను ఇళ్ళకు చేర్చమని జాతీయ బాలల హక్కుల కమిషన్ ఎనిమిది రాష్ట్రాలకు రాసింది. అందులో మన తెలుగు రాష్ట్రాలు రెండూ ఉన్నాయి. 100 రోజుల గడువు పెట్టింది. ఆ వార్త చదివి కోపగించుకోవడం నాకు గుర్తుంది. ఆ తొందర మీద వచ్చిన అభ్యంతరాలు న్యాయమైనవే, ఒక్కో పిల్ల పరిస్థితీ విడిగా చూడకుండా గడువు పెట్టి పంపకూడదు. నా కోపానికి కారణం అది కాదు. పేద ఇళ్ళకు పోతే వీళ్ళ చదువేం కాను అన్నదే నా కోపం. ఆ ఏడాది డిసెంబర్‌లో సుప్రీంకోర్టు, ఇళ్ళకు చేరిన ఒక్కో పిల్ల చదువు కోసం నెలకు 2,000 రూపాయలు ఇవ్వాలని రాష్ట్రాలను ఆదేశించింది. పిల్ల ఇంట్లో ఉండగానే చదువుకు సాయం చేయవచ్చన్న ఆలోచన ఆ ఆదేశంలోనే ఉంది. చదివి పేజీ తిప్పేశాను.

తల్లి అర్జీ సంగతి తెలిశాక నేను చేసిన పనులు రెండు. రెండూ మెల్లగా, మర్యాదగా, మంచి మాటలతో చేశాను. అప్పటి కేస్ వర్కర్‌తో మాట్లాడి, విద్యా సంవత్సరం మధ్యలో పంపితే చదువు చెడుతుందని, గది ఇరుకని, తల్లి పని మీద తిరుగుతుంటే పిల్లే వంటా ఇల్లూ చూసుకోవాల్సి వస్తుందని చెప్పాను. ఆ గదిని నేను చూడలేదు. నా మాటలు దాదాపు అలాగే నివేదికలోకి వెళ్ళాయి.

రెండోది చెప్పడం కష్టం. కమిటీ పిల్లను కూడా అడుగుతుంది. ఆమె అభిప్రాయం వినాలన్నది చట్టంలోని మూల సూత్రాల్లో ఒకటి. పాఠం అయ్యాక పిల్లతో అన్నాను: ‘వాళ్ళు అడిగితే ఏం చెబుతావమ్మా?’ మాట్లాడలేదు. ‘నువ్వు ఇంత దూరం వచ్చావు. ఇప్పుడు వెళితే మళ్ళీ మొదటికి వస్తుంది. అమ్మ ఎక్కడికీ పోదు కదా, పది పాసయ్యాక నువ్వే అమ్మను చూసుకోవచ్చు.’ అలాగే సార్ అంది. ఇంకోరోజు మళ్ళీ అడిగాను, జవాబు అప్పజెప్పించుకున్నాను, ఎక్కం అప్పజెప్పించుకున్నట్టు. కమిటీ ముందు ఆ పిల్ల ఇక్కడే ఉండి చదువుకుంటానని చెప్పింది. విద్యా సంవత్సరం ముగిశాక మళ్ళీ చూద్దామని రాశారు. ముగిశాక మళ్ళీ అడిగారు. పిల్ల మళ్ళీ అదే జవాబు చెప్పింది.

పిల్ల మాట వినడానికి చట్టం తెరిచిన తలుపు అది. ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళినది నా మాట.

తల్లి ఒక ఆదివారం హోమ్ గేటు దగ్గర నన్ను ఆపింది. సన్నగా, పొట్టిగా, ముతక చీరలో ఉంది. చేతిలో తడిగుడ్డలో చుట్టిన పూలు.

‘సారూ, మీరే గదా లెక్కలు జెప్పేది? నా బిడ్డ మీ మాట ఇంటది. నాతోని రమ్మని ఒక్క మాట జెప్పరాదూ.’

‘పదో తరగతి అయ్యేదాకా ఓపిక పట్టమ్మా. పిల్ల మంచికే కదా.’

‘బడి మా గల్లీల గూడ ఉంది సారూ.’

నా దగ్గర జవాబు లేదు. క్లాసుకు వేళవుతోందని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను.

ఆ తర్వాత నెలల్లో పిల్ల చదువు ఆగలేదు. మార్కులు పెరిగాయి కూడా. అందుకే నాకు చాలాకాలం ఏమీ కనపడలేదు. మొదట కనపడింది రబ్బరు. తప్పు రాగానే, నేను చూడకముందే చెరిపేసేది. కాగితం చిరిగేదాకా రుద్దేది. ఇదివరకు తప్పు జవాబు చెప్పి నవ్వేసే పిల్ల. ఒకరోజు శాతాల లెక్క చిక్కుపడితే, అలవాటుగా, పోనీ పూల బుట్ట అనుకో అన్నాను. తల ఎత్తకుండా ‘పూలు వద్దు సార్, పుస్తకంలో లెక్కే ఇవ్వండి’ అంది.

చదువు కోసం అమ్మను వద్దన్న పిల్ల అది. ఆ చదువులో ఇప్పుడు తప్పు ఎలా చేయగలదు? ఒక్కో తప్పూ అమ్మను అలా పంపేసిన రోజును గుర్తు చేస్తూ ఉండి ఉండాలి. ఇది నా ఊహే. ఆ పిల్లను ఎప్పుడూ అడగలేదు, అడిగే హక్కు నాకు లేదు. పదమూడేళ్ళ పిల్ల మోయకూడని బరువు ఆమె మీద ఉందని మాత్రం ఆ రోజు అర్థమైంది. అది ఎత్తి పెట్టింది నేను.

అప్పటికి కేస్ వర్కర్ మారింది. కొత్తగా వచ్చిన అమ్మాయి ఫైలు చదువుతూ నన్ను మామూలుగా ఒక ప్రశ్న అడిగింది. ‘సార్, వీళ్ళ అమ్మకు స్పాన్సర్‌షిప్‌కి ఎవరూ అప్లై చేయలేదా?’ నాకా మాటే కొత్త. ఆమే కూర్చోబెట్టి చెప్పింది. చట్టం 45వ సెక్షన్ కింద, పేదరికం వల్ల పిల్ల కుటుంబానికి దూరం కాకుండా, దూరమైతే తిరిగి చేరేలా ప్రభుత్వమే సాయం చేస్తుంది. మిషన్ వాత్సల్య కింద ఒక పిల్లకు నెలకు 4,000 రూపాయలు. నగరంలోనైతే కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 మించకూడదు, పల్లెలో 72,000. జిల్లా బాలల పరిరక్షణ విభాగానికి దరఖాస్తు వెళ్ళాలి. భర్త పోయిన తల్లి, జబ్బు నుంచి లేచిన తల్లి, ఇలాంటివాళ్ళ కోసమే ఆ పథకం.

రెండిళ్ళ పాచి పని, పూల బుట్ట కలిపి ఆమె ఆదాయం ఆ హద్దుకు లోపలే ఉంటుంది. లెక్కల మాస్టారిని, ఒక్క కూడిక వేసి చూసుకోలేదు. పిల్ల తల్లి దగ్గరికి వెళితే చదువు పోతుంది, హోమ్‌లో ఉంటే చదువు ఉంటుంది అన్న రెండు గదులే నాకు తెలుసు. తల్లి దగ్గరే ఉండి చదువుకోవడానికి దేశం ఒక పద్దు పెట్టి ఉంచిందని తెలియదు, తెలుసుకోవాలనీ తోచలేదు. ఐక్యరాజ్యసమితి 2009లో ఆమోదించిన మార్గదర్శకాలు ఇంకా సూటిగా ఉన్నాయి. డబ్బు లేకపోవడం ఒక్కటే కారణంగా పిల్లను తల్లిదండ్రుల నుంచి తీసుకోకూడదు, తిరిగి చేరకుండా ఆపకూడదు. ఆ రెండో ముక్క నా కోసమే రాసినట్టుంది.

అన్ని ఇళ్ళూ పిల్లలకు మంచివని నేను అనను. కొట్టే చేతుల నుంచి, అంతకన్నా ఘోరమైన వాటి నుంచి తప్పించుకొచ్చిన పిల్లలు నా తరగతిలోనే ఉన్నారు. వాళ్ళు వెనక్కి వెళ్ళకూడదు. ఎవరూ లేని పిల్లలకు ఫోస్టర్ కేర్ అనే దారి ఉంది. 2024లో వచ్చిన కొత్త మార్గదర్శకాల ప్రకారం 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఒంటరివాళ్ళు కూడా పిల్లను ఇంట్లో పెట్టుకుని పెంచవచ్చు. మన దగ్గర దీని గురించి తెలిసినవాళ్ళే తక్కువ. పద్దెనిమిది దాటి హోమ్ విడిచేవాళ్ళకు ఇరవై ఒకటి నిండేదాకా ఆసరా ఇచ్చే వీలు కూడా చట్టంలో ఉంది. ఏ పిల్లకు ఏది సరిపోతుందో తూచడానికే కమిటీలో అధ్యక్షురాలో అధ్యక్షుడో, మరో నలుగురు సభ్యులూ ఉంటారు. ఇల్లు చూసొచ్చి నివేదిక రాసేవాళ్ళు ఉంటారు. వారంలో కొన్ని సాయంత్రాలు వచ్చి శాతాలు చెప్పే నేను ఆ తక్కెడ మీద చెయ్యి పెట్టాను.

కేస్ వర్కర్‌కు జరిగినదంతా చెప్పాను, పిల్లతో జవాబు అప్పజెప్పించుకున్నది కూడా. ఆమె ముఖం మారింది గానీ నన్ను ఏమీ అనలేదు. ఇకపై ఆ విషయం పిల్లతో మాట్లాడవద్దని మాత్రం చెప్పింది. కౌన్సెలర్ పిల్లతో విడిగా కూర్చుంది. ఇల్లు చూసొచ్చారు. గది ఇరుకే, శుభ్రంగా ఉంది. బడి ఆవిడ చెప్పినట్టే గల్లీ చివర ఉంది. స్పాన్సర్‌షిప్ దరఖాస్తు వెళ్ళింది. ఈసారి కమిటీ ముందు పిల్ల ఏం చెప్పిందో నాకు తెలియదు. తెలియకపోవడమే సరైన పద్ధతి. వేసవి సెలవుల్లో పంపే ఉత్తర్వు వచ్చింది.

తీసుకెళ్ళడానికి వచ్చినరోజు తల్లికి, మీ అమ్మాయి ఇన్నాళ్ళూ ఇక్కడే ఉండిపోవడానికి నేను కూడా కారణమని, నన్ను క్షమించమని చెప్పాను. ఆమె నన్ను కాసేపు చూసింది. క్షమించానని అనలేదు. ‘టీసీ ఇయ్యాల్నే ఇస్తరా సారూ, మళ్ల రావాల్నా?’ అని అడిగింది. ఒక పూట పని మానుకుని వచ్చిన మనిషి. టీసీ, ఆధార్, మందుల కార్డు, పిల్ల బట్టలు అన్నీ ఉన్నాయో లేదో చూసుకోవాల్సిన మనిషి. లోపలికి వెళ్ళి ఆఫీసులో అడిగి, ఈరోజే ఇస్తారని చెప్పాను.

టీసీతో పాటు నేను రాసిన ఒక కాగితం కూడా ఫైలులో పెట్టారు, కొత్త బడి టీచరు కోసం. నోటిలెక్క చాలా గట్టిదని, తల్లి దగ్గర నేర్చుకున్నదని రాశాను. పెద్ద భాగహారాల్లో తడబడుతుంది. తప్పు రాగానే చెరిపేస్తుంది, చెరపనివ్వకండి, తప్పు మీద ఒక గీత కొట్టి పక్కన మళ్ళీ రాయమనండి.

ఇప్పుడు అలాంటి కాగితం ప్రతి పిల్లకూ మొదటి వారం నుంచే రాస్తున్నాను, ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళే పిల్లగానే అనుకుని. మూడో తరగతి పిల్ల ఒకతె వచ్చే నెల కమిటీ ముందుకు వెళ్తోంది. అమ్మమ్మ తీసుకెళ్తానంటోంది. చదువు గురించి ఒక మాట రాసివ్వమని కేస్ వర్కర్ అడిగింది. గుణింతాలు వచ్చు, ఒత్తులు ఇంకా రావు, ఎక్కాలు ఐదు దాకా చెబుతుంది, ఏ బడిలో చేర్చినా నేర్చుకుంటుంది అని రాసిచ్చాను.